వానలు పడకముందే ఆమ్లాల పంపులను సరిచూసుకోండి

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ వంటి పారిశ్రామిక వాడల్లో ఆమ్లాలను, ద్రావకాలను రోజూ పంపుచేసే కర్మాగారాలు తొలకరికి ముందే సరిచూసుకోవలసిన వాటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లపు ట్యాంకులు, పంపులు మొదటివి. 98 శాతం గాఢత గల ఈ ఆమ్లాన్ని మామూలు కార్బన్ స్టీల్ ట్యాంకులో నిల్వ చేయగలుగుతున్నామంటే, ఆమ్లం తాకిన చోట ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర లోపలి లోహాన్ని కాపాడుతున్నందువల్లనే. తేమగాలి ట్యాంకులోకి చేరి పైభాగంలోని ఆమ్లం పలచబడితే ఆ పొర నిలవదు. ఉక్కు వేగంగా తినుకుపోవడమే కాక హైడ్రోజన్ వాయువు పుట్టి ట్యాంకు పైభాగంలో చేరుతుంది. ఆ స్థితిలో ట్యాంకు మీద వెల్డింగ్ చేస్తే పేలుడు సంభవించవచ్చు. ట్యాంకులోకి గాలి వచ్చిపోయే గొట్టానికి తేమను పీల్చే సిలికా జెల్ అమర్చి, వానాకాలమంతా దాన్ని సమయానికి మారుస్తుండాలి.

గాఢత మారితే అదే ఆమ్లం ఇలా వేరుగా ప్రవర్తిస్తుంది కాబట్టి రసాయనం పేరు ఒక్కటే చూసి పంపు కొనడం ప్రమాదకరం. గాఢత, ఉష్ణోగ్రత, నీరు కలిసే అవకాశం, ద్రవంలో ఘనపదార్థం ఉందా లేదా అన్నవన్నీ తయారీదారుకు రాసి ఇవ్వాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే దేనికైనా తట్టుకుంటుందన్న నమ్మకం మన వర్క్‌షాపుల్లో బలంగా ఉంది గాని, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 316 రకం స్టీలును కూడా తినేస్తుంది. సాధారణ ఉష్ణోగ్రతలో ఆ ఆమ్లానికి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ చక్కగా సరిపోతుంది. అదే పాలీప్రొపిలీన్ 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో క్రమంగా పెళుసెక్కి పగులుతుంది కనుక అక్కడ పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పూత గల పంపు కావాలి. పీవీడీఎఫ్ అనే మరో ప్లాస్టిక్ చాలా ఆమ్లాలను ఓర్చుకున్నా గాఢమైన కాస్టిక్ సోడాలో పగుళ్లు తీస్తుంది.

పంపు బాడీని శ్రద్ధగా ఎంచుకున్నవారు కూడా అతుకుల దగ్గర ద్రవం కారకుండా ఆపే లోపలి ఓ-రింగును, గాస్కెట్‌ను పట్టించుకోకపోవడం తరచు జరుగుతుంది. విటాన్ అనే రబ్బరు రింగు టోలుయిన్ ద్రావకానికి తట్టుకుంటుంది, ఎసిటోన్ ద్రావకంలో ఉబ్బిపోతుంది. ఈపీడీఎం అనే మరో రబ్బరు విషయంలో సరిగ్గా తలకిందులు. ఒకే పంపుతో రెండు ద్రావకాలనూ తోడేచోట పీటీఎఫ్ఈ తొడుగు గల రింగులు వాడాలి. స్టోర్సులో నల్లటి రింగులన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఏది ఏ పదార్థమో సంచి మీద రాసి ఉంచడం తప్పనిసరి.

విషపూరిత ద్రవాలకు అయస్కాంత శక్తితో తిరుగుతూ, షాఫ్ట్ చుట్టూ ద్రవం కారకుండా ఆపే సీల్ అవసరం లేని మాగ్నెటిక్ డ్రైవ్ పంపు మేలు. అయితే లోపలి బేరింగులను ఆ ద్రవమే చల్లబరుస్తుంది గనుక ఖాళీగా తిరిగితే అవి కొద్దిసేపట్లోనే పాడవుతాయి. ఖాళీగా తిరిగేటప్పుడు విద్యుత్ వాడకం తగ్గుతుంది, అలా పడిపోగానే మోటారును ఆపే రిలే (స్వయంచాలక స్విచ్) లేకుండా ఆ పంపును నడపకండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం నీటికన్నా 1.84 రెట్లు బరువైనది. నీటికి లెక్కగట్టిన మోటారు ఆ భారాన్ని మోయలేదు. టోలుయిన్, హెక్సేన్ వంటి మండే ద్రావకాలకు సాధారణ ప్లాస్టిక్ పంపు పనికిరాదు, ఎందుకంటే ప్రవాహం వల్ల పుట్టిన స్థిరవిద్యుత్తు నేలలోకి పోయే దారి ఉండదు. వాటికి విద్యుద్వాహక బాడీ, ఎర్తింగ్, నిప్పురవ్వ బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు మూడూ ఉండాలి.

మరమ్మతు తరువాత పంపును నీటితో పరీక్షిస్తే, సల్ఫ్యూరిక్ ఆమ్లం వదిలేముందు లోపలి నీటిని పూర్తిగా తీసి ఆరబెట్టాలి. మిగిలిన కాస్త నీరు కూడా ఆమ్లం తగలగానే వేడెక్కి ఎగజిమ్మవచ్చు. గొట్టాలను బోల్టులతో కలిపే ఫ్లేంజిలకు, ద్రవం చిమ్మకుండా అడ్డుకునే తొడుగులు కట్టాలి. పంపు విప్పేముందు రెండువైపుల వాల్వులు మూసి, తాళం వేసి, మధ్యలో చిక్కిన ద్రవాన్ని డ్రెయిన్ ద్వారా తీసిన తరువాతే బోల్టు వదులు చేయాలి. ఒంటిమీద రసాయనం పడితే కడుక్కునే సేఫ్టీ షవర్‌ను ప్రతి వారం తిప్పి చూడండి. ఆమ్లం పడిన ఒంటిని కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడగడానికి సరిపడా నీరు, కరెంటు పోయిన వేళ కూడా, అందులో రావాలి.