రంగులు వేసే ముందు బయటి గోడ ఎత్తుపల్లాలు సరిచేయడం ఎలా?

దసరాకో సంక్రాంతికో, లేదంటే ఇంట్లో పెళ్లి కుదిరి ముహూర్తం దగ్గరపడ్డాకో మనకు ఇంటి రంగులు గుర్తొస్తాయి. పెయింటర్ వచ్చి గోడ చూసి, "లప్పం పెట్టి లెవెల్ చేసేస్తాలెండి" అంటాడు. పని చెడేది అక్కడే. లప్పం, అంటే పుట్టీ, గోడకు నునుపు కోసం పెట్టేది. గోడ వంకర తీయడానికి కాదు. తెల్ల సిమెంట్ పుట్టీ రెండు పూతలూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు మందం దాటకూడదు. దాంతో అర అంగుళం పల్లాన్ని పూడిస్తే ఒకటి రెండు వానాకాలాలకే పెచ్చులు లేస్తుంది. పల్లాన్ని సిమెంట్, ఇసుక కలిపిన మాలుతోనే పూడ్చాలి. లప్పం, రంగు ఆ తర్వాతి మాట.

ఈ పనికి కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. ఏప్రిల్, మే ఎండల్లో కొత్త మాలు గట్టిపడేలోపే నీళ్లు ఆవిరైపోతాయి. తప్పనిసరైతే నీడ ఉన్న గోడ మీదే చేయండి: పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ.

ముందుగా ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో పట్టుకోవాలి. పగటి వెలుతురులో సగం కనిపించవు. చీకటి పడ్డాక టార్చిని గోడకు ఆనించి పక్కవాటుగా వెలుగు పడేలా పట్టుకోండి, ప్రతి గుంటా నీడతో సహా బయటపడుతుంది. ఆరడుగుల అల్యూమినియం బద్ద ఆనించి సందు చూడండి. ఆ సందులో రూపాయి బిళ్ల దూరకపోతే లప్పం చాలు, దూరితే మాలు కావాలి. తర్వాత సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోండి. గట్టి శబ్దం వస్తే సరే. డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీయండి. పైకి ఎంత చక్కగా కనిపించినా ఆ ముక్క ఊడగొట్టాల్సిందే.

చెమ్మ ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూడండి. సజ్జ మీద నీళ్లు నిలుస్తున్నాయా, పైపు జాయింటు కారుతోందా, పిట్టగోడ బీట తీసిందా? అది ఆపకుండా కింద ప్లాస్టర్ చేయించడం డబ్బు దండగ. తెల్లగా ఉప్పు పొంగితే పొడి బ్రష్షుతోనే రాల్చాలి. కడిగితే ఆ ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది.

సామాను పెద్దగా ఏమీ లేదు. తాపీ, బద్ద, రుద్దే చెక్క పలక, ఉలి, సుత్తి, గ్రైండరు, తట్టలు, జల్లెడ, పీపీసీ (పోర్ట్‌లాండ్ పోజోలానా) సిమెంట్, ఇసుక, ఎస్‌బీఆర్ అనే బాండింగ్ ద్రవం. గ్రైండర్ పట్టేవాళ్లకు కళ్లద్దాలు, మాస్కు. చేతికందని ఎత్తైతే నిచ్చెన మీద సాహసాలు వద్దు, పరంజా కట్టించండి. ఇసుక విషయంలో మాత్రం రాజీ లేదు: జల్లెడ పట్టిన నది ఇసుక, అది దొరక్కపోతే ప్లాస్టరింగ్ కోసమే కడిగి అమ్మే రోబో శాండ్ (రాతిని పొడి చేసి తీసిన ఇసుక). స్లాబుకు వాడగా మిగిలిన రోబో శాండ్‌ను గోడకు కొట్టడం నేను ఒప్పుకోను. అందులో దుమ్ము ఎక్కువైతే సాలెగూడులా పగుళ్లు వస్తాయి.

గుర్తు పెట్టిన చోట గ్రైండర్‌తో చుట్టూ నిటారుగా గీత కోసి, లోపలి ప్లాస్టర్ అంతా ఇటుక దాకా తీసేయండి. అంచు కనీసం అర అంగుళం లోతుండాలి. అంచుల్లో మాలును పల్చగా సాగదీసి పాత గోడలో కలిపేస్తే చూడ్డానికి బాగుంటుంది, కానీ ముందు ఊడేది ఆ పల్చటి అంచే. పాత ప్లాస్టర్ గట్టిగానే ఉండి పల్లంగా మాత్రమే ఉంటే, దాని మీద రంగంతా గీకేసి, ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టండి. రంగు మీద మాలు పట్టదు. ఉబ్బెత్తుగా ఉన్న చోట చెక్కేయడమే, దాని ఎత్తుకు గోడంతా పెంచుకుంటూ పోవద్దు.

ఇక అసలు పని, పాతదానికి కొత్తది అతకడం. ఊడిపోయిన ప్యాచ్‌లను తీసి చూస్తే వెనకవైపు చాలావరకు నున్నగా, దుమ్ము అంటుకుని ఉంటుంది. అంటే అది గోడను ఎన్నడూ పట్టుకోలేదు. కాబట్టి ఇక్కడ ఒక్క పూట ఆలస్యమైనా పర్వాలేదు.

చెక్కిన దుమ్మంతా బ్రష్షుతో, నీళ్లతో పోయేదాకా కడగండి. ముందురోజు సాయంత్రం గోడను బాగా తడపండి. మర్నాడు మాలు కొట్టడానికి గంట ముందు మళ్లీ తడపండి. అప్పుడు అరచేత్తో తడిమి చూడండి. గోడ చల్లగా తగలాలి, చేతికి నీళ్లు అంటకూడదు. పొడిగా ఉంటే మాలులోని నీటిని ఇటుక పీల్చేసుకుంటుంది, సిమెంట్ గట్టిపడటానికి నీరు చాలదు. నీళ్లు కారుతుంటే మాలుకు, గోడకు మధ్య నీటి పొర నిలుస్తుంది, మాలు జారుతుంది. మాలు కొట్టేటప్పుడే ఒక చెంబెడు నీళ్లు విసిరి పని అయిందనుకునే మేస్త్రిని అక్కడే ఆపండి.

తర్వాత ఎస్‌బీఆర్‌లో సిమెంట్ కలిపి, డబ్బా మీద రాసిన లెక్క ప్రకారమే, పల్చటి దోసెపిండిలా చేసి బ్రష్షుతో గట్టిగా రుద్దండి. లోపల, మూలల్లో, ముఖ్యంగా కోసిన అంచు నిలువు ముఖానికి కూడా పట్టాలి. దీని తడి ఆరకముందే మాలు పడాలి. ఆరిపోతే అది అతికించేది పోయి విడదీసే పొర అవుతుంది. అందుకే గోడంతా ఒకేసారి పూసుకుంటూ పోవద్దు. పావుగంటలో మాలు వేయగలిగినంత మేరకే పూయండి. ఆరిందంటే గీకేసి మళ్లీ పూయాలి, దాని మీదే ఇంకో పూత వేస్తే లాభం లేదు. ఈ ద్రవం ఖర్చు దండగ, ఉత్త సిమెంట్ పాలు చాలనే వాళ్లున్నారు. కొత్త ఇటుక గోడకు చాలుతుందేమో. పాత ప్లాస్టర్‌కు కొత్తది అతికించే చోట నేను ఎస్‌బీఆర్ లేకుండా పని మొదలుపెట్టను.

మాలు ఒకటికి ఐదు, అంటే ఒక పాలు సిమెంట్‌కు ఐదు పాళ్లు ఇసుక, కలపండి. సిమెంట్ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని ఒకటికి మూడు వేసేవాళ్లున్నారు. సిమెంట్ పెరిగేకొద్దీ ఆరేటప్పుడు కుంచించుకుపోవడమూ పెరుగుతుంది, అంచుల్లో సన్నటి బీట తెరుచుకుంటుంది. అందులోకి వాన నీరు దిగుతుంది. అరగంటలో అయిపోయేంతే కలుపుకోండి. బిగిసిన మాలులో నీళ్లు పోసి మళ్లీ కలపడం వద్దే వద్దు.

మాలును తాపీతో విసిరికొట్టండి, మెత్తడం కాదు. ఒక పూత అర అంగుళం మించకూడదు. ఇంకా లోతుంటే మొదటి పూత మీద గీతలు గీసి, మర్నాడు రెండోది వేయండి. మొత్తం అంగుళం దాటితే మధ్యలో కోళ్ల జాలీ మేకులతో బిగించాలి. తర్వాత బద్దను రెండు చివరలా పాత గోడ మీద ఆనించి, అటూ ఇటూ కదిలిస్తూ పైకి లాగండి. వేలితో నొక్కితే కొద్దిగా అచ్చుపడే దశలో చెక్క పలకతో గుండ్రంగా రుద్దండి. ఇనుప పలక వద్దు.

చివర్లో తొందరగా ఆరాలనీ నున్నగా రావాలనీ పొడి సిమెంట్ చల్లి రుద్దే అలవాటు ఒకటుంది. పైన సిమెంట్ పొర ఒకటి పేరుకుని వెంట్రుకవాసి పగుళ్లిస్తుంది, లప్పం దాన్ని పట్టుకోదు. మేస్త్రి చేతిలో పొడి సిమెంట్ తట్ట కనిపిస్తే పక్కన పెట్టించండి.

మర్నాటి నుంచి ఏడు రోజులు రోజుకు మూడుసార్లు తడపాలి. ఎండ పడే గోడకు తడి గోనెపట్టా వేలాడదీయండి. ఆ తర్వాత ఆరనివ్వాలి. మొత్తం 28 రోజులు కాకుండా రంగు జోలికి పోవద్దు. కొత్త సిమెంట్‌లోని క్షారం రంగును వెలిసిపోయేలా చేస్తుంది. ముహూర్తం దగ్గర పడిందని పెయింటర్, ఇంట్లోవాళ్లు టెన్షన్ పెడతారు. అందుకే ప్యాచ్ పని పెళ్లికి రెండు నెలల ముందే పెట్టుకోవాలి. అనుమానముంటే జానెడు పాలిథిన్ కవరును నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున దాని లోపల తేమ చుక్కలుంటే ఇంకో వారం ఆగండి.

మిగతాది తేలిక. బయటి గోడకు పనికొచ్చే తెల్ల సిమెంట్ లప్పం పల్చగా రెండు పూతలు, 180 నంబరు ఎమరీ పేపర్, ఎక్స్‌టీరియర్ ప్రైమర్, రెండు కోటింగుల ఎమల్షన్. ప్యాచ్ వేసిన చోట గోడ ఎక్కువ పీలుస్తుంది కాబట్టి అక్కడ ప్రైమర్ రెండుసార్లు వేయండి. రంగు మాత్రం ప్యాచ్ వరకే కాకుండా గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకే రోజు వేయించండి. మధ్యలో ఆపితే ఆపిన చోట గీత పడి, ఎండలో అదే కనిపిస్తుంది.