పరాయి దేశంలో ఉగాది: ఇంటి మీది బెంగ తగ్గేలా పండగ చేసుకోవడం ఎలా?

అనంతపురం నుంచో కర్నూలు నుంచో పైచదువులకు వెళ్లిన పిల్లలకు మామూలు రోజుల్లో అంతగా తెలియని బెంగ పండగ ముందర పట్టుకుంటుంది. పండగను ఫోన్లో చూస్తూ కూర్చుంటే అది పెరుగుతుంది. అందులో ఏదో ఒక పని మన చేతులతో చేస్తే తగ్గుతుంది. ఇది నా గట్టి నమ్మకం.

మొదట ఆ పని ఎంచుకోండి. ఇంట్లో ఉగాదికి మీ వంతు ఏముండేది? తోరణం కట్టడమా, వేపపూత దూయడమా, అవ్వకు పంచాంగం చదివి వినిపించడమా? అదే అక్కడా చేయండి. అన్నీ నెత్తికెత్తుకుంటే అలసట తప్ప ఏమీ మిగలదు. ఏదీ తోచకపోతే ఓళిగలు (బొబ్బట్లు) పెట్టుకోండి, ఆ వంకతో నలుగురూ కూడతారు.

తర్వాత తేదీ చూసుకోండి. 2026లో ఉగాది మార్చి 19, గురువారం, అంటే క్లాసులుండే రోజు. అలాంటప్పుడు పొద్దున్నే తలంటుకుని, ఇంత పచ్చడి నోట్లో వేసుకుని కాలేజీకి వెళ్లండి. వంట శనివారానికి జరిపితే తప్పేమీ లేదు. తిథిని సూర్యోదయాన్ని బట్టి చూస్తారు కాబట్టి ఒక్కోసారి పండగ తేదీ కూడా దేశాన్ని బట్టి మారుతుంది. మీరున్న ఊరికి లెక్కగట్టిన పంచాంగం చూడండి.

సరుకులు రెండు వారాల ముందే తెచ్చుకోండి. శనగబేళ్లు, బెల్లం, చింతపండు ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. కష్టమల్లా వేపపూతతోనే. ఇంటి నుంచి తెప్పించుకోవాలనుకుంటే ముందు ఆ దేశపు కస్టమ్స్ నిబంధనలు చదవండి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఇలాంటివి చెప్పకుండా తెస్తే జరిమానా వేస్తారు. పూత దొరక్కపోతే చేదుకు నాలుగు వేయించిన మెంతులు వేస్తే సరి.

ఇక ఓళిగలు. గ్లాసు బేళ్లకు గ్లాసు బెల్లం. బేళ్లు కుక్కర్లో వేస్తే మరీ మెత్తబడి పూర్ణం జారిపోతుంది. గిన్నెలోనే ఉడికించండి. వేళ్ల మధ్య నలిపితే పప్పు నలగాలి, ముద్ద కాకూడదు. నీళ్లు పూర్తిగా వంచి పక్కన పెట్టుకోండి, పారబోయొద్దు. బెల్లం వేసి దగ్గరపడేదాకా కలిపి, యాలకుల పొడి చల్లి, చుక్క నీళ్లు పోయకుండా రుబ్బండి. మైదా కాస్త జారుగా కలిపి, పైన నూనె పోసి రెండు గంటలు నాననివ్వండి. పిండి ముద్దలో పూర్ణం ఉండ పెట్టి మూసి, పల్చగా తట్టి పెనం మీద కాల్చండి. అరిటాకు లేకపోతే నూనె రాసిన బేకింగ్ కాగితం మీద తట్టొచ్చు.

వంచిన నీళ్లలో కొంచెం పూర్ణం, చింతపండు రసం, చారుపొడి, ఉప్పు వేసి మరిగించి తిరగమాత పెడితే ఓళిగల చారు. సీమ ఇళ్లలో ఉగాది మధ్యాహ్నం వీధి దాకా వచ్చే వాసన ఇదే. దీన్ని మాత్రం మానకండి. ఎండుమిరప ఘాటుకు పొగ అలారం మోగొచ్చు కాబట్టి కిటికీ తెరిచి, పొయ్యి మీది ఫ్యాన్ వేశాకే తిరగమాత పెట్టండి.

ఒక్కరే తినకండి. మన జిల్లాల పిల్లలెవరున్నారో చూసి అందరినీ పిలవండి, ఏ మతం వారైనా సరే. ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు కూడా వచ్చి మొక్కుకుంటారు. అక్కడి వెంకటేశ్వరస్వామికి భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ. కడప స్నేహితుడికి ఈ పండగ పిలుపు కొత్తగా అనిపించదు.

ఇంటికి ఫోను చేయడానికీ ఒక వేళ ఉంది. ఓళిగలు తట్టడం గురించి అమ్మను ముందు వారమే అడగండి, పండగ పొద్దున ఆమెకు తీరిక దొరకదు. ఉగాది నాడు ఇంట్లో ఉదయం ఏడైతే న్యూయార్క్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. అవ్వకు రాశిఫలాలు చదివి వినిపించడానికి మంచి సమయం. మాట్లాడటం అయ్యాక అందరి స్టేటస్‌లూ తిరగేస్తూ మంచమెక్కొద్దు, వంటింట్లోకి వెళ్లి పొద్దుటి పచ్చడికి చింతపండు నానబెట్టండి.

పండగ వెళ్లి రెండు వారాలైనా తిండి సయించక, నిద్ర పట్టక, క్లాసులకు వెళ్లబుద్ధి కాకపోతే దాన్ని మామూలు బెంగ అనుకుని ఊరుకోవద్దు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థుల కోసం కౌన్సెలర్లు ఉంటారు. అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇంట్లోవాళ్లు కంగారుపడతారని దాచకుండా అక్కతోనో అన్నతోనో ఆ మాట చెప్పండి.