వైజాగ్ ఉక్కపోతకి మా ఇంట్లో పనిచేసిన పద్ధతి

అనంతపురం ఎండలు అలవాటైన నాకు ఎంవీపీ కాలనీలో వేసవి వేరే లోకం. ఎండ అంత ఉండదు, చెమట మాత్రం ఆరదు, దిండు కూడా జిగటే.

కూలర్, తడి కర్టెన్లు, ఏసీ 18లో పెట్టడం, ఏవీ కుదర్లేదు. కూలరైతే ఉన్న తేమకి ఇంకాస్త కలిపేది.

కుదిరింది ఇదీ. పగలు సముద్రపు గాలి మొదలయ్యాక అటువైపు కిటికీలు తీసి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తాను. పడుకోబోయే ముందు గది మొత్తం మూసి, ఏసీ రిమోట్‌లో నీటిచుక్క గుర్తున్న డ్రై మోడ్ పెట్టి, సీలింగ్ ఫ్యాన్ రెండులో వదిలేస్తాను. కాసేపటికి బయటి పైపు నుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారతాయి. అదంతా గదిలోని తేమే. దుప్పటి పొడిగా తగులుతుంది. ఆ గదిలో తడిబట్టలు ఆరేయకూడదు (మా ఇంట్లో దీనికే గొడవ).

మాది చిన్న గది. పెద్ద హాల్లో ఇంత తేడా కనిపించకపోవచ్చు. వడగాలి రోజుల్లో మాత్రం కూల్ మోడే వాడుతున్నాం.