పూత మీద మందు కొట్టాలా? ముందు పూలు విచ్చే వేళ చూడండి

పుచ్చ, దోస, వంగ పూతకు వచ్చే రోజుల్లోనే పురుగూ వస్తుంది. పంపు భుజానికెత్తే ముందు ఆ పూల మీద ఏవేవి వాలుతున్నాయో కాసేపు నిలబడి చూడండి. పెంపుడు తేనెటీగలైతే ముందురోజు కబురు చేస్తే యజమాని పెట్టెలు మూసుకుంటాడు. చెట్టు కొమ్మకు, గోడ పగుల్లో, నేల బొరియలో ఉండేవాటికి కబురు చేరదు.

పుచ్చలో ఆడపువ్వు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ ఒక్క పూటలోనే తేనెటీగలు మగపువ్వు పుప్పొడి తెచ్చి మళ్లీ మళ్లీ వాలాలి. చాలకపోతే పిందె రాలుతుంది, నిలిచినా వంకర తిరుగుతుంది. కాబట్టి ఉదయం మందు వద్దు. పూలు ముడుచుకున్నాక, సాయంత్రం కొట్టండి.

ఈ సాయంత్రం సలహా అన్ని పంటలకీ పనికిరాదు. బీర, సొర పూలు విచ్చేదే పొద్దువాలాక. తప్పనిసరైతే వాటికి ఎండ తగ్గుతుండగానే, పూలు విచ్చకముందే పని ముగించాలి.

వంగ సంగతి ఇంకా వేరు. దాని పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల లోపల ఉంటుంది, బయటికి రావడానికి కొసన చిన్న రంధ్రమే దారి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లు జుమ్మని అదిరిస్తే ఆ పొడి రాలుతుంది. పెట్టెల్లోని తేనెటీగలకు ఈ విద్య రాదు. వంగకు తనంతట తానే కొంత కాపు వస్తుంది, తుమ్మెద తిరిగితే మరింత నిలుస్తుంది. పువ్వు ఒక్కరోజులో వాడదు గనక సాయంత్రం కొట్టిన మందు మర్నాడు తుమ్మెదకే తగులుతుంది. అందుకే పురుగు తొలిచి వడలిన కొమ్మల కొసలు తుంచి కాల్చడం, ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం ముందు చేయండి. మందు చివరి మాట.

పొడి మందులు పుప్పొడిలాగే తేనెటీగ ఒంటి నూగుకు అంటుకుని గూటి దాకా వెళ్తాయి, పూతలో వాటి జోలికి పోవద్దు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ లాంటివి మొక్క రసంలో కలిసి పూతేనెలోకీ చేరతాయి. మొగ్గ దశలో కొట్టాం కదా అనుకుంటే కుదరదు. షాపువాడు ఏది చేతికిస్తే అది తెచ్చుకోకుండా డబ్బా మీద తేనెటీగల హెచ్చరిక చదవండి.

గాలి వీస్తుంటే ఆగండి, గట్టు మీది తుమ్మి పూల మీదా పడుతుంది. పంపు కడిగిన నీళ్లు కాలువలో పోయొద్దు, తేనెటీగలు నీళ్లు తాగేది అక్కడే. పందిరి వెదుళ్లలో గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే పూడ్చకండి, తుమ్మెద కాపురం ఉండేది వాటిలోనే.