గొడవలు సద్దుమణిగాక బస్తీలో మళ్ళీ నమ్మకం కుదరాలంటే

మతం పేరుతో గొడవ జరిగి, కర్ఫ్యూ ఎత్తేసి, షట్టర్లు లేచాక అందరూ చేసేది ఒక శాంతి ర్యాలీ. చేయండి, మంచిదే. కానీ ర్యాలీకి వచ్చిన పెద్దమనుషులు మళ్ళీ ఒకరికొకరు ఫోన్ చేసుకోకపోతే, వచ్చే ఊరేగింపు నాటికి అదే టెన్షన్.

అశుతోష్ వార్ష్నే అనే పరిశోధకుడు 1950 నుంచి 1995 దాకా మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్లను లెక్కగట్టి చూశాడు. చావుల్లో పల్లెల వాటా 4 శాతం కూడా లేదు, దాదాపు 46 శాతం 8 నగరాల్లోనే, అందులో మన హైదరాబాద్ ఒకటి. ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ తగలబడుతుంటే కేరళలోని కాలికట్ ఎందుకు నిలబడింది అని ఆయన వెతికితే, కాలికట్‌లో వర్తక సంఘాల్లో, యూనియన్లలో, క్లబ్బుల్లో రెండు మతాలవాళ్ళూ కలిసే పనిచేస్తున్నారని తేలింది. రంజాన్‌కి షీర్ ఖుర్మా పంపుకోవడం, దసరాకి జమ్మి ఇచ్చుకోవడం పల్లెలో సరిపోతాయేమో గానీ, లక్షల మంది ఉండే నగరంలో పుకారు లేచిన రాత్రి అవి సరిపోవు, రెండు మతాలవాళ్ళూ కలిసి పనిచేసే సంఘం కావాలి.

అందుకే ముందు మీ బస్తీలో ఇప్పటికే కలిసి పనిచేస్తున్నది ఎవరో రాసుకోండి: ఆటో స్టాండ్, కూరగాయల మార్కెట్, మెకానిక్ షెడ్లు, స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు. బస్తీలో ఒక కమిటీ పెట్టి, దానికి మనుషుల్ని అక్కడి నుంచే తీసుకోండి. మైకు కోసం వచ్చేవాళ్ళని, పాత గొడవల్లో చేయి ఉన్నవాళ్ళని దూరం పెట్టండి, ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు.

మహారాష్ట్రలోని భివండీలో 1984లో ఘోరమైన అల్లర్లు జరిగాయి. తర్వాత 1988లో సురేష్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడ మొహల్లా కమిటీలు పెట్టించి, రెండు మతాలవాళ్ళనీ పోలీసులనీ ఒకే చోట కూర్చోబెట్టాడు. బాబ్రీ మసీదు కూల్చాక, 1992 డిసెంబరు, 1993 జనవరి అల్లర్లలో పక్కనే ఉన్న ముంబైలో 900 మంది పోయారు, భివండీ మాత్రం ప్రశాంతంగా ఉంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది, అప్పటికి వాళ్ళకి నాలుగేళ్ళ పరిచయం ఉంది మరి.

కాబట్టి మీటింగ్‌లో మతం గురించి మొదలుపెట్టకండి. నల్లా నీళ్ళు, డ్రైనేజీ, వీధిలైట్లు మాట్లాడండి. పుకారు వస్తే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో పేర్లూ నంబర్లూ ఇప్పుడే కాగితం మీద పెట్టండి, ఫోన్ అందుకునే మనిషి అవతలి వర్గం మనిషే అయి ఉండాలి, ఆ మనిషి చూసొచ్చి చెప్పేదాకా మెసేజ్ ఎవరూ ఫార్వర్డ్ చేయకూడదు.

నష్టపోయినవాళ్ళని కేసు వాపసు తీసుకోమని మాత్రం ఒత్తిడి పెట్టకండి. పరిహారం కాగితాలకి, ఎఫ్‌ఐఆర్ కాపీకి వాళ్ళతో పాటు అవతలి వర్గం నుంచి ఒకరు ఆఫీసుల చుట్టూ తిరిగితే, అది వాళ్ళకి చాలాకాలం గుర్తుంటుంది.

మొదటి మీటింగ్ గుడిలోనూ వద్దు, మసీదులోనూ వద్దు, స్కూలు గది చాలు. పదిమందే వచ్చినా కూర్చోండి, వచ్చే వారం ఏ రోజో తేల్చాకే లేవండి.