ఇంట్లో పార్లర్ తెరవబోతున్నారా? కుర్చీ కొనేముందు సంతకం తీసుకోండి

ఆషాఢంలో సామాను సర్దుకుని, శ్రావణంలో బోర్డు కట్టి, వరలక్ష్మీ వ్రతం నాటికి నలుగురి నోటా పడాలన్నది ఇంట్లో పార్లర్ పెట్టుకునేవారి లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. పెళ్లిళ్లు లేని నెలలో ఖర్చుపెట్టి, ముహూర్తాల నెలలో రాబట్టుకోవాలి కదా. కానీ ఈ మధ్య మా పక్క కాలనీలో ఇదే లెక్కతో అద్దె ఫ్లాటులో మొదలైన పార్లర్ నెల తిరగకుండానే మూతపడింది. "పెట్టుకోమ్మా, మనిల్లే అనుకో" అన్నాడు ఓనరు. ఆ మాట పట్టుకుని ఆమె షాంపూ బేసిన్ బిగించింది, గోడ నిండా అద్దాలు పెట్టించింది, రెండు హైడ్రాలిక్ కుర్చీలు దింపింది. పై అంతస్తువాళ్లు ఫిర్యాదు చేశాక తేలిందేమిటంటే ఫ్లాటు ఆయన పేరున లేదు, అమెరికాలో ఉన్న కొడుకు పేరున ఉంది. కొడుకు ఫోనులో ఒక్క మాటే అన్నాడట, కుదరదని. కరెంటు వాళ్లూ అదే వారంలో తనిఖీకి వచ్చారు.

ట్రేడ్ లైసెన్సులకు, అద్దె ఒప్పందాలకు కాగితాలు రాసిపెట్టే పని నాది. టవళ్లు ఉతకడం, దువ్వెనలు శుభ్రం చేయడం మీకు నేను చెప్పక్కర్లేదు. కోర్సు సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించుకోవడం కూడా. పార్లర్లు మూతపడేది వాటివల్ల కాదు. నోటిమాట నమ్మి డబ్బు పెట్టడం వల్ల. నేను చూసిన ప్రతి నష్టానికీ మొదలు అక్కడే ఉంది.

ఓనరు సంతకం

ట్రేడ్ లైసెన్సుకు మున్సిపాలిటీ అడిగేది ఇంటి పన్ను రశీదు లేదా అద్దె ఒప్పందం. ఇంటి మీటరును వ్యాపార కేటగిరీకి మార్చమంటే కరెంటు ఆఫీసు అడిగేది ఓనరు సమ్మతి పత్రం. ముద్ర రుణానికి వెళ్తే బ్యాంకు అడిగేదీ వ్యాపార స్థలం కాగితమే. ముగ్గురూ తిరిగి తిరిగి ఓనరు సంతకం ఉన్న కాగితం దగ్గరికే వస్తారు. అది లేకుండా ఈ మూడు పనుల్లో ఏదీ జరగదు. అయినా మనవాళ్లు ఆ ఒక్కటీ చివరికి వాయిదా వేస్తారు. "అడిగితే వద్దంటాడేమో" అని భయం. వద్దనేవాడైతే బేసిన్ బిగించకముందే అనడం మంచిది కాదా?

ఓనర్లు నోటితో సరేనని సంతకం దగ్గర వెనక్కి తగ్గడానికి కారణాలున్నాయి. వ్యాపారం అని రాసిస్తే ఇంటి పన్ను నివాసేతర లెక్కలోకి పోతుంది, మీటరు మారుతుంది, మీరు ఖాళీ చేశాక మళ్లీ అన్నీ మార్పించుకోవాలి. ఆ భయం న్యాయమైనదే. దానికి మందు కూడా కాగితంలోనే ఉంది. పెరిగిన పన్ను ఎవరు కట్టాలి, ఖాళీ చేసేటప్పుడు కేటగిరీ తిరిగి మార్పించే బాధ్యత ఎవరిది, గోడకు వేసిన రంధ్రాలు ఎవరు పూడ్చాలి అని మీరే ముందుగా రాసి ఇవ్వండి. సగంమంది ఓనర్లు అక్కడే మెత్తబడతారు.

ఒప్పందంలో "నివాసం కోసం" అని ఉంటే అది పార్లర్‌కు పనికిరాదు. అద్దెకిచ్చిన పనికి కాకుండా వేరే పనికి ఇల్లు వాడితే ఖాళీ చేయించవచ్చని అద్దె నియంత్రణ చట్టంలోనే ఉంది. అలా వేరే పనికి వాడకూడదని ఆస్తి బదిలీ చట్టం 1882 కూడా చెబుతుంది. కాబట్టి "మహిళల బ్యూటీ పార్లర్ నిర్వహణకు" అన్న మాట అక్షరాలా ఉండాలి. డోర్ నంబరు, ఏ గది, పని వేళలు, నీటి పైపులు మార్చుకునే అనుమతి కూడా ఉండాలి. ఏడాదికి మించిన ఒప్పందమైతే రిజిస్ట్రేషన్ తప్పదు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్ కాదు. ఇంకో సంగతి: కుర్చీల రుణం మూడేళ్లు కడుతూ ఇల్లు పదకొండు నెలలకు రాయించుకునేవారున్నారు. పన్నెండో నెలలో అద్దె ఎంతంటే అంత ఇవ్వాల్సిందే.

సంతకం పెట్టే మనిషి పేరూ ఇంటి పన్ను రశీదు మీద ఉన్న పేరూ ఒకటేనా? చూడండి. తండ్రి మాటిచ్చి ఇల్లు కొడుకు పేరున ఉంటే కొడుకు సంతకం కావాలి. విదేశంలో ఉంటే ఆయన తరఫున పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారి సంతకం కావాలి.

సొంత ఇల్లే కదా అంటారు కొందరు. ఎవరి సొంతం? ఇల్లు అత్తగారి పేరున ఉంటే అత్తగారి సంతకం తీసుకోండి. ఇంట్లోవాళ్లను కాగితం అడగడం మొహమాటమే. కానీ అన్నదమ్ముల మధ్య మాట పడి, తోడికోడలే ఫిర్యాదు రాసిచ్చిన పార్లర్ కూడా నాకు తెలుసు. ఇంటి మీద గృహరుణం నడుస్తుంటే ఆ రుణపత్రం షరతులు కూడా చదువుకోండి.

అపార్ట్‌మెంటు సంఘం

సెక్రటరీగారు లిఫ్టులో తలూపడం అనుమతి కాదు. వాట్సాప్ గ్రూపులో బొటనవేలి గుర్తులూ అనుమతి కాదు. సెక్రటరీ వచ్చే ఏడాది మారతాడు. సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించి, మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ పేజీ నకలు సంతకాలతో తీసుకోండి. ముందు సంఘం నియమావళి తెప్పించుకుని చదవండి. ఫ్లాట్లు నివాసానికే వాడాలన్న నిబంధన చాలాచోట్ల ఉంటుంది. ఫ్లాటు మీదైనా ఆ నిబంధన మీకూ వర్తిస్తుంది.

సంఘాలు ఎందుకు ఎదురు తిరుగుతాయో కూడా తెలుసుకోవాలి. వ్యాపారమంటే పడకపోవడం వల్ల కాదు. వెంట్రుకల వల్ల, బళ్ల వల్ల. కింది అంతస్తు బాత్రూములో నీళ్లు నిలిచిపోతే ప్లంబరు ఉమ్మడి పైపులోంచి జానెడు పొడవున జుట్టు ముద్ద లాగుతాడు, మైనం ముక్కలు అంటుకుని, నల్లగా. దాన్ని అందరూ చుట్టూ నిలబడి చూస్తారు. తరువాతి సమావేశంలో మీ గురించి ఒక్కరూ మంచి మాట మాట్లాడరు. బేసిన్ కింద జుట్టు ఆపే జాలీ పెట్టించి, ఆ సంగతి మీ అర్జీలోనే రాయండి. పెళ్లికూతురితో వచ్చే బంధువుల బళ్లు ఎక్కడ నిలపాలో కూడా అందులోనే రాయండి.

మీటరు

ఇంటి మీటరు మీద పార్లర్ నడపవద్దు. ఒక్క రోజు కూడా.

గృహావసరాల కేటగిరీ కింద తీసుకున్న కరెంటును వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం 2003లోని 126వ సెక్షన్ వర్తిస్తుంది. అసలు వర్తించాల్సిన కేటగిరీ రేటుకు రెట్టింపు వేస్తారు. ఎప్పటినుంచి? వాడకం ఎప్పుడు మొదలైందో తేలితే అప్పటినుంచి. తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నెల క్రితం తెరిచిన పార్లర్‌కు ఏడాది బిల్లు పడుతుంది, ఎందుకంటే నెల క్రితమే తెరిచామని చూపే తేదీ ఉన్న కాగితం ఒక్కటీ ఉండదు. నెలకు 300 యూనిట్లు, కమర్షియల్ యూనిట్ తొమ్మిది రూపాయలు అనుకుని మీరే లెక్కవేయండి. రెట్టింపు చేసి పన్నెండు నెలలకు కడితే 64,800 రూపాయలు. కట్టిన పాత బిల్లులు తీసేసినా కొత్త పార్లర్ తట్టుకునే మొత్తం కాదు. దురుద్దేశంతో వాడారని తేలితే 135వ సెక్షన్ కింద చౌర్యం కేసు కూడా పెట్టవచ్చు.

నోటీసు వస్తే ముందు వచ్చేది తాత్కాలిక అంచనా మాత్రమే. దానిమీద అభ్యంతరం రాసి ఇవ్వవచ్చు. తుది ఉత్తర్వు వచ్చాక 127వ సెక్షన్ కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, కాకపోతే సగం సొమ్ము ముందు కట్టాలి. అందుకే కుర్చీ బిల్లు, అద్దె ఒప్పందం, రంగులు వేసిన పెయింటరు రశీదు, అన్నీ తేదీలతో ఒక ఫైలులో ఉంచండి.

మీ ప్రాంతపు కరెంటు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఆఫీసుకు వెళ్లి పార్లర్ గదికి వేరే కమర్షియల్ మీటరు ఇస్తారా అని అడగండి. వైరింగు పూర్తిగా వేరుగా ఉండాలి. ఒకే మీటరు మీద ఇల్లూ పార్లరూ కలిస్తే ఇంట్లో ఫ్రిజ్ తిన్న కరెంటు కూడా కమర్షియల్ లెక్కలోకి పోయే ప్రమాదం ఉంది. లోడు (ఒకేసారి వాడుకోవడానికి మంజూరైన కరెంటు) కూడా పెంచుకోండి. హెయిర్ డ్రయ్యర్ 2,000 వాట్లు, గీజర్ 2,000, ఏసీ 1,500. మూడూ ఒకేసారి నడిస్తే దాదాపు 24 ఆంపియర్లు అవుతుంది. వీటిని ఒక ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించిన పార్లర్లు చూశాను. ప్లగ్గు ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, దాని పక్కనే స్పిరిటు సీసా.

మరి మీటరు మార్పించాలంటే ఏం కావాలి? ఓనరు సంతకం. మళ్లీ అక్కడికే వచ్చాం.

మిగతా కాగితాలు

ఉద్యమ్ సర్టిఫికెట్టు అనుమతి కాదు. మీరు చిన్న వ్యాపారి అని ప్రభుత్వం దగ్గర నమోదు, అంతే. ఆధార్‌తో ఉచితంగా వస్తుంది, దానికి డబ్బు అడిగేవాడిని నమ్మవద్దు. దాన్ని గోడకు తగిలించుకుని "గవర్నమెంటు పర్మిషన్ ఉంది" అని తనిఖీకి వచ్చినవారితో వాదించినవాళ్లున్నారు.

ట్రేడ్ లైసెన్సు పట్టణంలో మున్సిపాలిటీ ఇస్తుంది, ఊళ్లో పంచాయతీ. గడువు తీరేలోపు పునరుద్ధరించుకోవాలి. అది చేతిలో ఉంది కదా అని ఓనరు నోరూ సంఘం నోరూ మూతపడవు, వారి అభ్యంతరం వారిదే. పనివాళ్లను పెట్టుకుంటే కార్మిక శాఖ దగ్గర దుకాణాలు, సంస్థల చట్టం కింద ఏం చేయాలో అడగండి. జీఎస్టీ సంగతి తొందరేమీ లేదు: సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటితేనే నమోదు తప్పనిసరి. పార్లర్ సేవలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మొదటి రోజే నంబరు తీసుకోమని తరిమేవారికి వారి ఫీజు మీదే ధ్యాస.

ఇక వరసగా చెబుతాను, కారణం చెప్పనిచోట అడగవద్దు.

- సంతకం రాకముందు దేనికీ అడ్వాన్సు ఇవ్వవద్దు. పది శాతం ఇచ్చి పట్టి ఉంచుతాను అనవద్దు.
- కాగితాలన్నీ చేతికొచ్చాక బోర్డు. ఫిర్యాదు చేసేవాడు ముందు తీసేది బోర్డు ఫొటోనే.
- బోర్డు మీద "స్పా" వద్దు. "మసాజ్" అసలే వద్దు.
- మైనం కరిగించడానికి వంటింటి ఎర్ర సిలిండరు తేవద్దు. 14.2 కిలోలది ఇంటికి మాత్రమే, వ్యాపారానికి 19 కిలోలది. ఎలక్ట్రిక్ హీటరు కొనుక్కోండి.
- సూది ముట్టుకోవద్దు. గ్లూటాథియోన్, ఫిల్లర్లు, బొటాక్స్, పీఆర్‌పీ, ఏదైనా సరే. అది డాక్టరు పని. "ట్రైనింగ్ ఇచ్చారు" అన్న సర్టిఫికెట్టు పోలీస్ స్టేషన్‌లో పనికిరాదు.
- మీరు కాచిన నూనె, మీరు కలిపిన క్రీము సీసాలో పోసి అమ్మవద్దు. అమ్మకానికి సౌందర్య సామగ్రి తయారు చేయాలంటే వేరే లైసెన్సు ఉంది.
- రంగు వేసేముందు చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు ఆగండి. పెళ్లి రేపే అంటే రంగు వేయనని చెప్పండి.
- గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్న స్మూతెనింగ్ మందులు వద్దు. ఒక యువతికి అది పూయించుకున్న ప్రతిసారీ మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు 2024లో వైద్య పత్రికలో వచ్చింది.
- బేసిన్ మీద మెడ వెనక్కి వంచి ఎక్కువసేపు ఉంచవద్దు. 2022లో హైదరాబాద్‌లో 50 ఏళ్ల మహిళకు పార్లర్‌లో తల కడుగుతుండగా పక్షవాత లక్షణాలు వచ్చాయి. మెడ కింద మడిచిన టవలు పెట్టండి. కళ్లు తిరుగుతున్నాయంటే ఆపండి.
- వ్యాక్సింగ్ గదిలో కెమెరా పెట్టవద్దు. దొంగతనాల కోసమన్నా సరే. ఆడవాళ్లను చాటుగా చూడటం, చిత్రీకరించడం నేరమనే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ చదువుకోండి.
- తనిఖీకి వచ్చినవారి పేరు, హోదా రాసుకోండి. రశీదు లేకుండా ఎవరికీ రూపాయి ఇవ్వవద్దు. నోటీసు చేతికి అడగండి. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు.
- "అందరూ ఇలాగే నడుపుతున్నారు" అన్నవారిని వాళ్ల మీటరు బిల్లు చూపమనండి.
- ఓనరు ఊళ్లో లేడా? వచ్చేదాకా ఆగండి. సంఘం సమావేశం వచ్చే నెలా? ఆగండి. శ్రావణం పోతే మాఘం ఉంది.
- కాగితాలు రాకముందు ఇంటికి రమ్మని ఏ పెళ్లికూతురి దగ్గరా డబ్బు తీసుకోవద్దు. ఇప్పటికే తీసుకుని ఉంటే ఇవాళే ఫోను చేసి, మేకప్‌కు మీరే వాళ్లింటికి వస్తామని చెప్పండి. బ్రష్షుల పెట్టె పట్టుకుని వెళ్లి చేసి వచ్చే పనికి ఓనరుతోనూ మీటరుతోనూ సంబంధం లేదు. రానుపోను ఆటో ఖర్చు విడిగా అడగండి.