ట్యూబ్‌లైట్లు మళ్లీ మళ్లీ ఆరిపోతుంటే: చోక్ మార్చే ముందు చూడాల్సినవి

లైటు వెలగడం లేదని ఫిర్యాదు వస్తుంది. ట్యూబ్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే చోక్‌ను మార్చేస్తారు. మూడు నెలలు తిరక్కుండానే అదే ఫిట్టింగ్ మళ్లీ ఆరిపోతుంది. పెద్ద భవనాల్లో ఈ తంతు నేను చాలాసార్లు చూశాను. చోక్ అనండి, బ్యాలస్ట్ అనండి, అది ఊరికే పోదు. దాన్ని పోగొట్టిందేమిటో తెలుసుకోకుండా కొత్తది బిగిస్తే డబ్బు దండగ.

ఫిట్టింగ్ విప్పే ముందు గోడ స్విచ్ ఆపితే చాలదు. స్విచ్‌ను పొరపాటున ఫేజు (కరెంటు వచ్చే) తీగకు బదులు న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే) తీగకు కలిపి ఉంటే లోపల కరెంటు అలాగే ఉంటుంది. బోర్డులో ఎంసీబీ (ఆ లైన్‌కు కరెంటు ఆపే బ్రేకర్) దించి, మీటరు పెట్టి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

చివర్లు మాత్రమే వెలుగుతాయి, ట్యూబ్ అంటుకోదు

స్టార్టర్ ఉన్న పాత రకం ఫిట్టింగ్‌లో ఇది దాదాపుగా స్టార్టర్ పనే. లోపలి పలకలు అతుక్కుపోయి ఉంటాయి, లేదా కెపాసిటర్ షార్ట్ అయి ఉంటుంది. కొత్త స్టార్టర్ వేయండి. చోక్ జోలికి వెళ్లక్కర్లేదు.

కొత్త ట్యూబ్ పెట్టగానే మాడిపోతుంది

ఇక్కడ మాత్రం చోక్‌నే అనుమానించాలి. ట్యూబ్ ఒకసారి వెలిగాక కరెంటును తనంతట తాను అదుపు చేసుకోలేదు. ఆ పని చోక్‌ది. దాని చుట్లు షార్ట్ అయితే కరెంటు ఎగబాకి ఫిలమెంట్లు తెగిపోతాయి. వైర్లు విప్పి ఓమ్స్‌లో కొలవండి. 36 వాట్ల ట్యూబ్‌కు వాడే పాత రకం తీగచుట్ల చోక్ బాగుంటే కొన్ని పదుల ఓమ్స్ చూపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే షార్ట్, అసలేమీ చూపకపోతే తెగినట్టు. చోక్ మార్చేదాకా ఇంకో ట్యూబ్ పెట్టకండి.

మిణుకుమిణుకుమంటుంది, చివర్లు నల్లబడ్డాయి

ట్యూబ్ ఆయుష్షు అయిపోయింది. వెంటనే తీసేయండి. అరిగిన ట్యూబ్‌ను అలాగే వదిలేస్తే ఎలక్ట్రానిక్ చోక్ దాన్ని వెలిగించడానికి పదే పదే ప్రయత్నించి వేడెక్కుతుంది. మంచి రకాలు తమంతట తామే ఆగిపోతాయి కానీ అన్నీ అలా ఉండవు. మనిషి అలికిడికి వెలిగే సెన్సర్లు ఉన్న గదుల్లో ట్యూబులు త్వరగా పోతుంటే, ముందు ఫిలమెంట్లను వేడిచేసి ఆ తర్వాత వెలిగించే రకం చోక్ వేయండి.

రెండు ట్యూబుల ఫిట్టింగ్‌లో ఒకటి పోగానే రెండోదీ ఆరితే అవి సిరీస్‌లో, అంటే ఒకే కరెంటు ఒకదాని తర్వాత ఒకదాని గుండా పోయేలా ఉన్నాయన్నమాట. రెండూ మార్చండి, హోల్డర్లు వదులయ్యాయేమో కూడా చూడండి.

మాడు వాసన, నల్లటి తారు కారడం

వెంటనే ఆపేయండి, ఆ చోక్‌ను మళ్లీ వాడకండి. ఫిట్టింగ్ మీద ఇన్సులేషన్ కప్పి ఉందా, గాలి ఆడుతోందా చూడండి. ఎలక్ట్రానిక్ చోక్ ఒంటి మీద టీసీ (tc) అని గుర్తు ఉంటుంది, పక్కనే ఉన్న అంకె దాటి అది వేడెక్కకూడదు. 1980కి ముందు నాటి చోక్ అయితే దాని కెపాసిటర్‌లో పీసీబీ అనే విషపు నూనె ఉండవచ్చు. ఒట్టి చేతులతో ముట్టకండి, మామూలు చెత్తలో వేయకండి.

ఒకే అంతస్తులో చాలా చోక్‌లు ఒక్కరోజే పోయాయి

ఇది చూసి చోక్‌ల పెట్టె ఆర్డరు పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చోక్‌లన్నీ కూడబలుక్కుని ఒకేరోజు చావవు. ముందు న్యూట్రల్ చూడండి.

మూడు ఫేజులు ఒకే న్యూట్రల్ పంచుకునే చోట అది వదులైతే, లోడు తక్కువున్న ఫేజులో 230 వోల్టులు ఉండాల్సింది 300 దాటవచ్చు. ఎలక్ట్రానిక్ చోక్‌లు అంత తట్టుకోలేవు. అదే సమయంలో ఇంకో ఫేజు మీది లైట్లు మందగిస్తాయి. కొన్ని ప్రకాశవంతంగా, కొన్ని గుడ్డిగా ఉంటే అదే ఆనవాలు. లోడు నడుస్తుండగా ఒక్కో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజీ కొలవండి. ఈ పని తెలిసినవారే చేయాలి. అంకెల్లో పెద్ద తేడా కనబడితే మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ దగ్గర కాలిన లగ్‌లు (తీగ చివర బిగించే లోహపు ముక్కలు) మార్చి, గట్టిగా బిగించండి.

నాసిరకం ఎలక్ట్రానిక్ చోక్‌ల నుంచి పుట్టే మూడో హార్మోనిక్ కరెంట్లు (మామూలు కరెంటుకు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీతో ఉండేవి) న్యూట్రల్‌లో ఒకదానికొకటి తోడై దాన్ని వేడెక్కిస్తాయి. లోడు సమానంగా పంచినా ఇది తప్పదు. న్యూట్రల్ తీగ ఫేజు తీగకన్నా సన్నగా ఉంటే మార్పించండి. అది అయ్యాకే కొత్త చోక్‌లు బిగించండి.